నిమిరితే కరిచే పిల్లి కూనను దారిలో పెట్టడం ఎలా?

ఒళ్ళో పడుకుని గుర్రుగుర్రుమంటున్న కూన ఉన్నట్టుండి తల తిప్పి చేతిని కొరుకుతుంది. ఇప్పటిదాకా బాగానే ఉంది కదా, దీనికేం పుట్టింది అనుకుంటాం. ఇంట్లో పెద్దవాళ్ళు పక్కనే ఉంటే పిల్లికి విశ్వాసం ఉండదని ఒక్క మాటలో తేల్చేస్తారు. విశ్వాసానికీ దీనికీ సంబంధం లేదు. కొరికే ముందు కూన తనకు తెలిసిన పద్ధతిలో వద్దని చెప్పే ఉంటుంది. మనకు అలవాటైన సైగలన్నీ కుక్కవి కావడంతో అది మన కంట పడదు. అందుకే ఈ పనిలో ముప్పాతిక వంతు మన చేతికి నేర్పాల్సిందే, కూనకు నేర్పాల్సింది మిగతా పావు వంతే.

ముందు గాయం సంగతి

పంటిగాటు పడి ఈ వ్యాసం వెతుక్కున్నవాళ్ళు మిగతాది తర్వాత చదవండి. ముందు కుళాయి కింద చెయ్యి పెట్టి సబ్బుతో 15 నిమిషాలు కడగండి. రెండు నిమిషాలకే చాలనిపిస్తుంది, అయినా ఆపొద్దు. ఆ తర్వాత బెటాడిన్ లాంటిది రాయండి. పసుపు, కాఫీ పొడి, సున్నం, కారం వంటివేవీ గాటు మీద అద్దకూడదు.

మన దగ్గర రేబీస్ అనగానే కుక్కే గుర్తొస్తుంది. పిల్లుల ద్వారా కూడా వస్తుంది. లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. వీధిలోనో మేడ మీదో పుట్టిన కూనకు టీకా పడి ఉండదు కాబట్టి, చర్మం మీద చిన్న గీత పడినా డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిందే. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ టీకా ఉచితం. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) చాలామందికి తెలిసిన చోటు. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో, కండరానికి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 14, 28 రోజుల్లో డోసులు ఉంటాయి (0 అంటే మొదటి డోసు వేసిన రోజు). రక్తం వచ్చేలా పళ్ళు దిగితే టీకాతో పాటు గాటు చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే తయారు యాంటీబాడీల మందు) కూడా ఇస్తారు. కరిచిన పిల్లిని 10 రోజులు కనిపెట్టి ఉండమంటారు. పది రోజులు ఆగి టీకాకు వెళ్ళమని దాని అర్థం కాదు. టీకా మొదలుపెట్టి, ఆపైన కనిపెట్టాలి.

కూనను పెంచాలని నిర్ణయించుకున్నవాళ్ళు ముందుగానే తాము వేయించుకోవాల్సిన రేబీస్ నివారణ డోసుల గురించి డాక్టర్‌ని అడగడం మంచిది. అవి పూర్తిగా పడి ఉంటే, తర్వాత ఎప్పుడైనా గాటు పడినప్పుడు 0, 3 రోజుల్లో రెండు డోసులతో సరిపోతుంది. కూనకు మూడు నెలలు నిండగానే రేబీస్ టీకా, ఏడాదికి మళ్ళీ బూస్టర్ వేయించండి.

రేబీస్ ఒక్కటే కాదు. పిల్లి పన్ను సన్నగా, వాడిగా ఉంటుంది. పైకి చిన్న చుక్కే కనిపించినా లోపలికి లోతుగా దిగి, నోట్లోని సూక్ష్మజీవులను అక్కడ వదులుతుంది. ఒక్క రోజులోనే వేలు వాచి, ఎర్రబడి, సలుపు పెట్టవచ్చు. వేలి కీళ్ళ దగ్గర పడ్డ గాటును, షుగర్ ఉన్నవాళ్ళకు పడ్డ గాటును మరీ తొందరగా చూపించాలి. టీటీ (ధనుర్వాతం టీకా) సంగతి కూడా అక్కడే అడగండి.

మొదటి పని: ఎందుకు కొరుకుతోందో తేల్చుకోవడం

అన్ని కొరుకుళ్ళకూ ఒకే వైద్యం పనిచేయదు. ఆటకు కొరికే కూన ముందు మాటు వేస్తుంది. కళ్ళలో నల్లపాప పెద్దదవుతుంది, వెనక భాగం అటూ ఇటూ ఊగుతుంది, ఒక్క గెంతులో వచ్చి ముందు కాళ్ళతో చేతిని వాటేసుకుని వెనక కాళ్ళతో తన్నుతుంది. కదిలేదేదైనా దానికి వేటే. చీర కుచ్చిళ్ళు, లుంగీ అంచు, వేలాడే చున్నీ, దుప్పటి కింద కదిలే కాలి వేళ్ళు, గాజుల చప్పుడు చేసే చెయ్యి అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి.

'ఇక చాలు' అని కొరికేది వేరు. అప్పటిదాకా హాయిగా ఒళ్ళో ఉంటుంది, నిమురుతూ ఉండగానే చటుక్కున పట్టుకుంటుంది. ఎక్కువగా గట్టిగా దిగదు, పట్టి వదిలేస్తుంది. భయంతో కొరికే కూన అయితే చెవులు తలకు అదిమేసి, ఒళ్ళు ముడుచుకుని, బుస కొడుతుంది. దాన్ని మూలకు తరిమి పట్టుకోబోతేనే ఈ గాటు పడుతుంది. నాలుగోది నొప్పి. నడుము దగ్గరో చెవి దగ్గరో ఒకే చోట చెయ్యి పడినప్పుడల్లా కొరుకుతుంటే అక్కడేదో ఉందని.

రెండు మూడు రోజులు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఏ వేళ, ఎక్కడ ముట్టుకుంటే, అంతకు ముందు అది ఏం చేస్తుంటే కొరికింది. ఇదంతా చాదస్తంలా అనిపిస్తుంది గానీ, సాయంత్రం ఏడింటికే అన్ని గాట్లూ పడుతున్నాయని కాగితం చెబితే సగం సమస్య విడిపోయినట్టే. ఆ వేళకు దానికి వేట ఆట కావాలి, మనం నిమరబోతున్నాం.

తల్లి దగ్గర ఎన్నాళ్ళుంది?

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందని సామెత. నిజంగానే తల్లిపిల్లి క్షేమమైన చోటు కోసం కూనలను ఒక్కొక్కటిగా నోట కరుచుకుని మారుస్తుంది. ఆ మార్పుల మధ్యలో మెట్ల కిందో, వాటర్ ట్యాంక్ పక్కనో ఒంటరిగా కనిపించిన కూనను చూసి, పాపం తల్లి వదిలేసిందనుకుని మనం ఇంటికి తెచ్చేసుకుంటాం. నిమిరితే కరిచే కూనల్లో చాలావాటి కథ ఇక్కడే మొదలవుతుంది.

ఎంత గట్టిగా కొరికితే ఎదుటివాళ్ళకు నొప్పి పుడుతుందో కూనకు పుట్టుకతో తెలియదు. తోబుట్టువులతో కుస్తీ పడేటప్పుడు గట్టిగా కొరికితే అవతలిది అరిచి ఆట మానేస్తుంది, లేదా తిరిగి కొరుకుతుంది. తల్లి ఒక్కటి తగిలిస్తుంది. పుట్టిన రెండో వారం నుంచి ఏడెనిమిది వారాల దాకా మనుషుల అలవాటు, ఆ తర్వాత పన్నెండు వారాల దాకా ఈ కుస్తీ పాఠాలు బాగా వంటబడతాయి. నాలుగైదు వారాలకే తెచ్చిన ఒంటరి కూనకు ఆ బడే లేదు. కాబట్టి ఎక్కడైనా కూన కనిపిస్తే, అది ఆరోగ్యంగా ఉండి ప్రమాదమేమీ లేనప్పుడు, కొన్ని గంటలు దూరం నుంచి చూడండి. కనీసం ఎనిమిది, వీలైతే పన్నెండు వారాలు తల్లి దగ్గర ఉండనివ్వండి. ఒకే ఈతలోని రెండు కూనలను కలిపి పెంచగలిగే ఇల్లయితే నేను రెండింటినే తెచ్చుకోమంటాను. ఖర్చు పెరుగుతుంది, నిజమే. కానీ వాటి కుస్తీ అవే పడతాయి, మీ చేతికి ఆ వంతు తప్పుతుంది.

పళ్ళ సంగతి కూడా చూసుకోవాలి. కూనకు 26 పాలపళ్ళు ఉంటాయి. సుమారు మూడున్నర, నాలుగు నెలల్లో అవి ఊడటం మొదలై ఆరేడు నెలలకు 30 శాశ్వత దంతాలు వచ్చేస్తాయి. ఆ మధ్యకాలంలో చిగుళ్ళు దురదపెట్టి కనిపించిందల్లా నములుతుంది. తడిపి ఫ్రిజ్‌లో పెట్టిన మెత్తని గుడ్డ ముక్కను మీరు పట్టుకుని నమలనిస్తే కాస్త ఉపశమనం. పీచులు ఊడే గుడ్డ మాత్రం వద్దు.

నిమరడం కొత్తగా నేర్చుకోండి

కుక్కను నిమిరినట్టు తల నుంచి తోక దాకా పొడుగ్గా దువ్వడం మనకు అలవాటు. పిల్లుల మధ్య ఆ ముచ్చట లేదు. స్నేహంగా ఉన్న రెండు పిల్లులు ఒకదాన్నొకటి నాకేటప్పుడు తల, మెడ దగ్గరే నాకుతాయి. చెంపల మీద, గడ్డం కింద, కంటికీ చెవికీ మధ్య నుదుటి మీద వాసన గ్రంథులు ఉంటాయి. ఆ చోట్ల నిమిరితే ఇష్టపడతాయి. తోక మొదలు దగ్గర, పొట్ట మీద, పాదాల మీద చాలా పిల్లులకు చెయ్యి పడకూడదు. వెల్లకిలా పడుకుని పొట్ట చూపించిందంటే మీ దగ్గర నిశ్చింతగా ఉందని మాత్రమే, పొట్ట నిమరమని కాదు.

వేళ ఎంచుకోవడం దగ్గర మొదలుపెట్టండి. కడుపునిండా తిని, ఆడి అలసి, కళ్ళు మూతలు పడుతున్నప్పుడు నిమరాలి. గెంతుతున్న కూనను పట్టుకుని లాలించబోతే అది ఆటే అనుకుంటుంది. చేతులు సబ్బుతో కడుక్కోండి. చేతితో అన్నం తినేవాళ్ళం, చేపల పులుసు వాసన ఒక్క కడుగుతో పోదు. కూన ముందు నాకి, తర్వాత కొరికి చూస్తే అది దాని తప్పెలా అవుతుంది?

ఇప్పుడు నేల మీద కూర్చుని, ఒక వేలు కాస్త వంచి, దాని ముక్కు ఎత్తులో జానెడు దూరంలో పెట్టి ఊరుకోండి. పైనుంచి తల మీదికి చెయ్యి తేవద్దు. కూన వచ్చి వాసన చూసి చెంప రాసిందా, సరేనన్నట్టు. వాసన చూసి తల తిప్పుకుందా, ఇప్పుడు వద్దని. ఆ 'వద్దు'ను పట్టించుకోవడమే అన్నిటికన్నా పెద్ద పాఠం. తన మాట చెల్లుతుందని తెలిసిన కూనకు పళ్ళతో చెప్పాల్సిన పని పడదు. లండన్‌లోని బ్యాటర్సీ జంతు సంరక్షణ కేంద్రంలోని పిల్లులతో నాటింగ్‌హామ్ ట్రెంట్ యూనివర్సిటీ పరిశోధకులు చేసిన పరిశీలన 2021లో వెలువడింది. ముట్టుకోవాలా వద్దా అన్న నిర్ణయం పిల్లికే వదిలి, దాని ఒంటి సైగలు గమనిస్తూ, ముఖం చుట్టూ మాత్రమే నిమిరిన మనుషుల దగ్గర అవే పిల్లులు ఎక్కువ స్నేహంగా ఉన్నాయి, తిరగబడటం తగ్గింది.

చెంప రాస్తే మూడు నుంచి ఐదు సెకన్లు చెంప మీద నిమిరి చెయ్యి వెనక్కి తీసుకోండి. తీసుకోవడమే కష్టం, ఇంకాస్త నిమరాలనిపిస్తుంది. తల ముందుకు తోసి అడిగితే మళ్ళీ ఐదు సెకన్లు. అడగకపోతే అంతటితో సరి. ఎన్నో నిమురుకు కొరుకుతోందో మీ కాగితం చెబుతుంది. ఎనిమిదో సారికి కొరికే కూనను నాలుగో సారికే వదిలేయండి. ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన చికెన్ పీచు ఒకటి అప్పుడు పెట్టండి, అదీ నేల మీదో గిన్నెలోనో, వేళ్ళతో అందించొద్దు. ఉల్లి, వెల్లుల్లి వేసి వండినవి పిల్లులకు విషమే, కూరలోంచి తీసి కడిగి పెట్టడం కూడా వద్దు.

నిమురుతున్నంత సేపూ చేతిని కాదు, తోకను చూడండి. తోక చివర చిన్నగా టపటపలాడటం మొదటి హెచ్చరిక. కుక్క తోక ఊపితే సంతోషం కదా అని ఇక్కడే చాలామంది పొరబడతారు. తర్వాత వీపు మీది చర్మం అలలాగా జలదరిస్తుంది. చెవులు పక్కలకు తిరుగుతాయి. గుర్రుమనడం ఆగిపోతుంది, లేదా ఒళ్ళు బిగుసుకుని గుర్రుమంటుంది. గుర్రుమన్నంత మాత్రాన హాయిగా ఉన్నట్టు కాదు, నొప్పిలో కూడా పిల్లులు గుర్రుమంటాయి. చివరగా తల మెల్లగా చేతి వైపు తిరుగుతుంది. అప్పటికి ఆలస్యమైపోయింది. ఫోన్ చూస్తూ నిమిరేవాళ్ళకే ఎక్కువ గాట్లు పడతాయని నా గట్టి నమ్మకం.

చెయ్యి ఆటబొమ్మ కాకూడదు

కూన రెండు నెలలప్పుడు వేళ్ళు ఆడించి కొరికించుకోవడం భలే ముద్దుగా ఉంటుంది. ఏడాదికి అదే పిల్లి అదే ఆట ఆడితే కుట్లు పడతాయి. ఈ రోజు నుంచే ఇంట్లో ఎవరూ చేతితో, కాలితో ఆడించకూడదు.

దానికి బదులు దూరం నుంచి ఆడే బొమ్మ ఇవ్వాలి. కొనక్కర్లేదు. సన్నని కర్రకు గుడ్డ పేలిక గట్టిగా ముడేస్తే చాలు. పేలికను కూన మీదికి తేవద్దు, దాని నుంచి దూరంగా పారిపోయేలా, ఆగి ఆగి, సోఫా వెనక్కి దాక్కునేలా లాగండి. వేట తన మీదికి రాదు కదా. మధ్యమధ్యలో దొరకనివ్వాలి. ఎంతకీ దొరకని ఆటతో చిరాకు పెరిగి ఆ కసి మీ పిక్కల మీద తీరుతుంది. లేజర్ లైటు ఆట నాకు నచ్చనిది అందుకే. పది, పదిహేను నిమిషాల చొప్పున రోజుకు రెండు మూడు సార్లు, ముఖ్యంగా పొద్దున్నే, మళ్ళీ సాయంత్రం చీకటి పడే వేళ ఆడించండి. పిల్లులు సహజంగా వేటకు లేచే వేళలవి. ఆట అయిపోగానే తిండి పెట్టండి. వేటాడి, తిని, ఒళ్ళు నాక్కుని పడుకోవడం వాటి క్రమం. ఆ పడుకోబోయే ముందు దొరికే కాసేపే మీరు నిమరాల్సిన వేళ.

వాటేసుకుని తన్నే అలవాటున్న కూనకు పాత సాక్సు నిండా గుడ్డలు కూరి, మూతి కుట్టేసి ఇవ్వండి. కూనంత పొడుగు ఉండాలి. చెయ్యి పట్టుకోబోయినప్పుడల్లా అది మధ్యలో పెట్టాలి. కాగితం ఉండలు, అట్టపెట్టెలు కూడా బాగా పనికొస్తాయి. రబ్బరు బ్యాండ్లు, కుట్టు దారం, దండలోని పూలదారం, సంక్రాంతి మాంజా మాత్రం అందకుండా దాచాలి. మింగితే దారం పేగుల్లో చుట్టుకుని ఆపరేషన్ దాకా వస్తుంది. నోట్లోంచో వెనక నుంచో దారం కొస కనిపిస్తే లాగకండి, వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.

పెరుగన్నం మీదే పెరిగే కూనల గురించి ఒక మాట. పిల్లి మాంసాహారి. అన్నం, పాలు, పెరుగుతో దాని ఒంటికి కావాల్సింది అందదు, ఆకలీ తీరదు, ఆకలి మీదున్న కూన చేతులనే చూస్తుంది. మాంసం వండని ఇళ్ళలో కూనల కోసం అమ్మే ప్యాకెట్ తిండి పెట్టండి, రోజుకు మూడు నాలుగు సార్లు కొద్దికొద్దిగా.

పళ్ళు దిగిన క్షణంలో

చెయ్యి గుంజకండి. పారిపోయే చెయ్యి వేటే అవుతుంది, పైగా గుంజితే గాటు చీలిక అవుతుంది. కదలకుండా ఆపేయండి. వదలకపోతే చేతిని దాని వైపే కొంచెం తోయండి, పట్టు సడలుతుంది. వదలగానే మాట్లాడకుండా లేచి, అర నిమిషమో నిమిషమో అవతలికి వెళ్ళిపోండి. కొరికితే ఆట ఆగిపోతుందన్న ఒక్క సంగతే అది తోబుట్టువుల దగ్గర నేర్చుకోవాల్సింది. కెవ్వున అరిస్తే కొన్ని కూనలు బెదురుతాయి, కొన్నిటికి ఇంకా హుషారు పుడుతుంది, అందుకే మౌనమే మేలు.

ముక్కు మీద కొట్టడం, నీళ్ళు చల్లడం, మెడ పట్టి ఎత్తి ఆడించడం, బాత్రూంలో వేసి తలుపు పెట్టడం ఏవీ పనిచేయవు. చెయ్యి అంటే భయం పుడుతుంది, ఆటకు కొరికేది కాస్తా భయానికి కొరకడం మొదలుపెడుతుంది. అది మాన్పించడం చాలా కష్టం. చేతులకు వేపనూనె, ఘాటు వాసన నూనెలు రాసుకునే చిట్కాలు కూడా వద్దు, నాకితే కూన కడుపులోకి పోతాయి.

భయపడే కూనతో ఇవేవీ తొందరపడి మొదలుపెట్టకండి. ఒక గది, దాక్కోవడానికి ఒక పెట్టె ఇచ్చి, కొన్నాళ్ళు ముట్టుకోకుండా దగ్గర్లో కూర్చుని మెల్లగా మాట్లాడండి. పొడుగు చెంచాతో చికెన్ అందించండి. కళ్ళలోకి తేరిపార చూడకుండా నెమ్మదిగా కళ్ళు మూసి తెరవండి. అది తిరిగి అలాగే చేస్తే కాస్త కుదురుకున్నట్టే.

ఇంటిల్లిపాదీ ఒక్క మాట మీద

అమ్మ నాలుగు వారాలు కష్టపడి నేర్పింది, కాలేజీ నుంచి వచ్చిన అన్నయ్య ఒక్క సాయంత్రం చేత్తో కుస్తీ పట్టి చెడగొట్టేస్తాడు. చేత్తో ఆడొచ్చో లేదో కూనకు తేలదు. కాబట్టి నియమం అందరికీ ఒకటే. చిన్నపిల్లల్ని కూనతో ఒంటరిగా వదలొద్దు. నేల మీద కూర్చుని, ఒక్క వేలితో, చెంప మీదే ముట్టుకోవాలని చూపించండి. ఎత్తుకోవడం మాన్పించండి. గోళ్ళ చివర తెల్లగా ఉన్న కొసను మాత్రం రెండు మూడు వారాలకోసారి కత్తిరిస్తే రక్కుళ్ళు తగ్గుతాయి. లోపల గులాబీ రంగులో కనిపించేదాన్ని తాకొద్దు, రక్తం వస్తుంది.

డాక్టర్‌కి ఎప్పుడు?

నిన్నటిదాకా సాధువుగా ఉన్న కూన ఉన్నట్టుండి కొరకడం మొదలుపెట్టినా, ఒకే చోట ముట్టుకుంటే కొరికినా, తిండి తగ్గించినా పశువైద్యుడికి చూపించాలి. బొచ్చులో నల్లని రేణువులు కనిపిస్తే పిడుదులో గోమార్లో ఉన్నట్టు. గుండ్రంగా బొచ్చు ఊడిన మచ్చలుంటే తామర అయి ఉండొచ్చు, అది మనుషులకూ అంటుతుంది. చెవులు అదే పనిగా గోక్కోవడం, ఎక్కడైనా గడ్డ, చిగుళ్ళు ఎర్రబడటం కూడా చూడండి. సొంత వైద్యం చేయకండి. మనం జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీస్తుంది. కుక్కల పిడుదుల మందుల్లో ఉండే పెర్మెత్రిన్ కూడా అంతే.

ఎన్నాళ్ళకు మారుతుందని అడిగితే, ఆటకు కొరకడం కొన్ని వారాల్లో తగ్గడం మొదలై, పళ్ళు మారిన తర్వాత ఇంకా నెమ్మదిస్తుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే కొరుకుడు దానంతటదే పోతుందని కొందరంటారు. ఆ ఆపరేషన్ వేరే కారణాలకు తప్పకుండా చేయించాల్సిందే, కానీ ఆట కొరుకుడుకు అది మందు కాదు. 'ఇక చాలు' కొరుకుడు కూన స్వభావాన్ని బట్టి ఉంటుంది. కొన్ని పిల్లులు పెద్దయ్యాక కూడా పది సెకన్లకు మించి ఒప్పుకోవు, పక్కన వచ్చి పడుకోవడమే వాటి ప్రేమ. దారిలో పడుతోందనడానికి గుర్తు ఒకటుంది. పళ్ళు ఆనించి నొక్కకుండా వదిలేస్తుంది, లేదా కొరకడానికి బదులు తలను పక్కకు జరుపుతుంది, లేచి వెళ్ళిపోతుంది. అది కనిపించడం మొదలయ్యాక నిమురుళ్ళను వారానికి ఒకటి రెండు చొప్పున పెంచండి. మళ్ళీ గాటు పడిందంటే అంతకు ముందు వారం లెక్కకు వెనక్కి వెళ్ళండి.